ప్రోత్సాహమా? ప్రలోభమా?



ఈ రోజుల్లో మేనేజ్‌మెంటు చదువు చదివేవారు లేని ఊరు అరుదు. డిగ్రీ చేతికి రాగానే ఎం.బి.ఏ. వైపు చూసే యువతీ యువకులు ప్రతి విచారణలోనూ ఉన్నారు. వారి పుస్తకాలు తెరిస్తే మొదటి అధ్యాయాల్లోనే మూడు మాటలు కనిపిస్తాయి: ఉత్పత్తి, ప్రేరణ, జట్టు పని. ఇవి కంపెనీల మాటలు, మనకెందుకు అని తోసిపుచ్చకండి. పొలంలో కూలీలను పెట్టుకున్న రైతు, బడి నడిపే ప్రధానోపాధ్యాయురాలు, ఇంట్లో పనిమనిషి ఉన్న ఇల్లాలు, లారీకి డ్రైవరును పెట్టుకున్న యజమాని, వీరందరూ ఒకరి చేత పని చేయిస్తున్నవారే. మిగిలిన వాళ్లం ఒకరి కింద పని చేస్తున్నవాళ్లం. చాలామందికి ఈ రెండు పాత్రలూ ఉంటాయి.

కనుక ఈ వారం ఒక ప్రశ్నను మీ ముందు పెడుతున్నాను. ఎదుటివాడి చేత ఎక్కువ పని చేయించుకోవాలని మనం రకరకాల ఉపాయాలు చేస్తాం. జీతం పెంచుతాం, బహుమతి ఆశ చూపుతాం, మెచ్చుకుంటాం, నలుగురిలో నిలబెట్టి దండ వేస్తాం. వీటిలో ఏది ప్రోత్సాహం? ఏది ప్రలోభం? ఎక్కడి వరకు అతన్ని మనిషిగా నడిపిస్తున్నాం, ఎక్కడినుండి పనిముట్టుగా వాడుకుంటున్నాం?

రెండు మాటలనూ కాస్త విప్పి చూడండి. ప్రోత్సాహంలో ఉత్సాహం ఉంది. అది పనివాడి లోపలే ఉన్నది; మనం చేసేదల్లా దానిని పైకి లేపడం. ప్రలోభంలో లోభం ఉంది. అది ఎదుటివాడి ఆశను పట్టుకుని లాగడం. బయటినుండి చూసేవారికి రెండూ ఒకేలా కనబడతాయి. నెల చివర లెక్కల పుస్తకంలో కూడా రెంటి ఫలితం ఒకటే అంకెగా పడవచ్చు. అయినా నీతి దృష్టిలో వాటి మధ్య ఎంతో దూరం ఉంది.

పనివాడి స్థానం ఎక్కడ?

ముందు ఉత్పత్తి అనే మాటను తీసుకుందాం. దూది నూలు అవుతుంది, నూలు బట్ట అవుతుంది. ఏ వస్తువు తయారు కావడానికైనా నాలుగు కారణాలు ఉంటాయని గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ చెప్పాడు. దేనితో చేశారో ఆ పదార్థం ఒకటి. ఏ రూపంలో చేశారో ఆ నమూనా ఒకటి. చేసిన కర్త ఒకడు. ఎందుకోసం చేశారో ఆ ప్రయోజనం ఒకటి. మగ్గం మీది చీరను చూడండి. నూలు పదార్థం, అంచు డిజైను రూపం, నేతగాడు కర్త, కట్టుకోవడం ప్రయోజనం.

ఇప్పుడు ఒక కర్మాగారం లెక్కల పుస్తకం చూడండి. ముడిసరుకు ఇంత, కరెంటు ఇంత, కూలి ఇంత అని ఒకే వరుసలో రాస్తారు. లెక్కకు అలా రాయక తప్పదు, అందులో తప్పు లేదు. అయితే ఆ వరుసలో రాయగా రాయగా మనసులో కూడా ఒక పొరపాటు జరుగుతుంది. కర్తగా ఉండవలసిన మనిషి మెల్లగా పదార్థాల జాబితాలోకి జారిపోతాడు. దూదిని ఎంత పొదుపుగా వాడాలి, బొగ్గును ఎంత పూర్తిగా మండించాలి అన్నట్లే, ఈ మనిషినుండి ఎంత రాబట్టవచ్చు అన్న ప్రశ్న పుడుతుంది. ఈ వ్యాసంలో మనం మాట్లాడుకునే కష్టాలన్నిటికీ మూలం ఈ చిన్న జారుడులోనే ఉంది.

ప్రేరణ అనే మాటకు ఇంగ్లీషువారు వాడే మోటివేషన్ లాటిన్ భాషలోని 'మోవేరె' అనే ధాతువునుండి వచ్చింది. కదిలించడం అని దాని అర్థం. రాయి కూడా కదులుతుంది, మనిషి కూడా కదులుతాడు. రాయిని తోస్తే కదులుతుంది. మనిషి ఒక మేలును చూసి, అది మేలని తెలుసుకుని, దానిని కోరి కదులుతాడు. పునీత అక్వినాసు తోమాసుగారు ఈ తేడాను చాలా స్పష్టంగా గీసి చూపారు. తెలిసి, ఇష్టపడి చేసినదే నిజమైన మానవ చర్య. నిద్రలో పక్కకు ఒత్తిగిలడం మనిషి చేసినదే గాని మానవ చర్య కాదు. పనివాడిని కదిలించేటప్పుడు అతని తెలివినీ ఇష్టాన్నీ దాటి పక్కదారిలో కదిలిస్తే, అతన్ని కొంతవరకు రాయిగా చూసినట్లే.

మూడు పాత కథలు

మేనేజ్‌మెంటు శాస్త్రం పుట్టుకలోనే ఈ చిక్కు ఉంది. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో బెత్లెహేం ఉక్కు కంపెనీ ఉండేది. 1899లో అక్కడ ఫ్రెడరిక్ టేలర్ అనే ఇంజనీరు ఇనుప దిమ్మెలు మోసేవారి పనిని గడియారం పట్టుకుని పరిశీలించాడు. ఒక్కొక్క దిమ్మె దాదాపు 42 కిలోలు. మనిషి రోజుకు సుమారు పన్నెండున్నర టన్నులు వేగన్లలోకి ఎక్కించేవాడు. సరైన పద్ధతిలో, మధ్యమధ్య విశ్రాంతి ఇస్తూ చేయిస్తే 47 టన్నులు దాటవచ్చని టేలర్ లెక్క కట్టాడు. ష్మిట్ అని తాను పేరు పెట్టిన ఒక పనివాడి చేత అలా చేయించినట్లు 1911లో తన పుస్తకంలో రాశాడు. అతని కూలి 1 డాలరు 15 సెంట్లనుండి 1 డాలరు 85 సెంట్లకు పెరిగింది. ఈ కథలో టేలర్ కొంత కల్పించి రాశాడని తరువాతి పరిశోధకులు చూపించారు. అయినా టేలర్ చెప్పిన లెక్కనే తీసుకుందాం. పని దాదాపు నాలుగు రెట్లు అయింది. కూలి రెట్టింపు కూడా కాలేదు.

టేలర్‌ను పూర్తిగా తప్పుపట్టకూడదు. మేస్త్రీ నోటికొచ్చిన అంచనాతో కాక కొలత ప్రకారం పని అప్పగించాలన్నాడు. విశ్రాంతి కూడా పనిలో భాగమేనని గుర్తించాడు. యజమాని లాభం, పనివాడి లాభం కలిసే పెరగాలని కోరాడు. అయితే ఆ పుస్తకంలోనే, ఇనుము మోయడానికి తగినవాడు ఎద్దులాంటి మందబుద్ధి గలవాడై ఉండాలని అర్థం వచ్చేలా రాశాడు. ఆలోచించడం ఆఫీసులో ఉన్నవారి వంతు, మోయడం ఇతని వంతు. లోపం ఇక్కడ ఉంది. అంత బరువు మోసే మనిషి ఇంటికి వెళ్లి పిల్లలతో మాట్లాడడా? సంతలో బేరం చేయడా? ఇల్లు కట్టుకోవాలని పథకం వేసుకోడా? ఎద్దుకు అవేవీ లేవు.

రెండవ కథ హెన్రీ ఫోర్డుది. 1913లో డెట్రాయిట్ దగ్గర హైలాండ్ పార్కు ఫ్యాక్టరీలో ఆయన కదిలే వరుసను ప్రవేశపెట్టాడు. కారు చట్రం మనుషుల దగ్గరికి నడిచి వస్తుంది. ఒక్కొక్కరు ఒక్కొక్క బోల్టు బిగిస్తారు. పన్నెండు గంటలకు పైగా పట్టే చట్రం కూర్పు ఒకటిన్నర గంటకు దిగింది. ఉత్పత్తి శాస్త్రంలో అది గొప్ప విజయం. కాని పనివాళ్లు ఆ పనిని భరించలేక మానేసి వెళ్లిపోయేవారు. ఆ సంవత్సరం అక్కడ పని మానేసినవారి నిష్పత్తి 370 శాతం. అంటే నూరు ఉద్యోగాలు నిలబెట్టడానికి ఏడాదిలో 370 సార్లు కొత్తవారిని తీసుకోవలసి వచ్చిందన్నమాట.

1914 జనవరిలో ఫోర్డు రోజుకు ఎనిమిది గంటల పని, అయిదు డాలర్ల సంపాదన అని ప్రకటించాడు. అంతకుముందు ఇచ్చేదానికి అది రెట్టింపుకన్నా ఎక్కువ. ఫ్యాక్టరీ గేటు ముందు వేలమంది గుమిగూడారు. ఎంతో మందికి అది నిజమైన మేలు, కాదనలేము. కాని ఆ అయిదు డాలర్లలో ఒక భాగం జీతం, మిగిలినది లాభంలో వాటా. ఆ వాటా అందరికీ రాదు. కంపెనీ ఒక విభాగాన్ని పెట్టి, పనివాళ్ల ఇళ్లకు మనుషులను పంపేది. ఇల్లు శుభ్రంగా ఉందా, తాగుతున్నాడా, డబ్బు దాస్తున్నాడా అని వాళ్లు విచారించి రాసుకునేవారు. తాగుడు మానడం మంచిదే, పొదుపు చేయడం మంచిదే. కాని యజమాని జీతంతోపాటు పనివాడి ఇంటి తలుపు తాళంచెవి కూడా కొనుక్కోవచ్చా? ఆలోచించండి.

మూడవ కథ షికాగో దగ్గరి హాథార్న్ ఫ్యాక్టరీది. టెలిఫోను పరికరాలు చేసే ఆ ఫ్యాక్టరీలో 1924నుండి 1932 వరకు పరిశోధనలు జరిగాయి. దీపాల వెలుతురు పెంచితే పని పెరిగింది, తగ్గించినా పెరిగింది. తరువాత అయిదుగురు అమ్మాయిలను, వారికి సామాను అందించే మరొకరిని ప్రత్యేక గదిలో కూర్చోబెట్టి విశ్రాంతి వేళలు, పని గంటలు మార్చి చూశారు. ఉత్పత్తి పెరుగుతూ పోయింది. తమను ఎవరో పట్టించుకుంటున్నారని తెలిసినందువల్లనే పెరిగిందని పుస్తకాలు చాలాకాలం చెప్పాయి. అది పూర్తి సత్యం కాదు. ఆ గదిలో కూలి లెక్క కూడా మారింది. చిన్న బృందం కావడంతో చేసిన పనికి ఫలం నేరుగా చేతికి వచ్చేది. మధ్యలో ఎక్కువగా మాట్లాడుతున్నారు, మాట వినడం లేదని ఇద్దరు అమ్మాయిలను తీసేసి వేరేవారిని పెట్టారు. పట్టించుకోవడం వెనుక కూడా ఎవరి చేతిలో కర్ర ఉందో చూడాలి.

అదే ఫ్యాక్టరీలో 1931, 1932 సంవత్సరాల్లో పద్నాలుగుమంది మగవాళ్ల గదిని గమనించారు. అక్కడ కథ తలకిందులైంది. వాళ్లు తమలో తాము ఒక హద్దు పెట్టుకున్నారు. రోజుకు ఇంతకు మించి చేయకూడదు. ఎవరైనా మించి చేస్తే పక్కవాడు వచ్చి భుజం మీద ఒక గుద్దు గుద్దేవాడు. ఎందుకు? ఈరోజు ఎక్కువ చేస్తే రేపు రేటు తగ్గిస్తారని, లేదా కొందరిని ఇంటికి పంపుతారని వారి అనుమానం. చూశారా, జట్టు అక్కడ ముందునుంచే ఉంది. యజమాని దానిని తయారుచేయనవసరం లేకపోయింది. అతను సంపాదించలేకపోయినది ఆ జట్టు నమ్మకాన్ని మాత్రమే.

జట్టు మంచిచెడ్డలు

జట్టు పని మనకు కొత్త కాదు. నాట్ల కాలం వస్తే మన పల్లెల్లో పదిమంది ఆడవాళ్లు ముఠాగా కలిసి, ఎకరాకు ఇంత అని గుత్తకు ఒప్పుకుంటారు. మేస్త్రీ అదిలింపు ఉండదు. తెల్లవారుజామునే దిగి, ఎండ ముదిరేలోపు చాలాభాగం ముగిస్తారు. రోజు కూలి కంటే నాలుగు డబ్బులు ఎక్కువ గిడతాయి. మాటలు, నవ్వులు, పాటలు, అన్నీ ఆ మడిలోనే. మేనేజ్‌మెంటు పుస్తకాలు చెప్పే మంచి జట్టు లక్షణాలన్నీ అక్కడ ఉన్నాయి.

అయితే ఆ మడి గట్టుమీద నిలబడి ఇంకొకటి కూడా చూడండి. వయసు మళ్లిన అవ్వను ఆ ముఠాలో చేర్చుకోవడానికి వెనకాడతారు. చూలాలిని వద్దంటారు. ఒకరు వెనకబడితే అందరి వంతూ తగ్గుతుంది కదా. రోజు కూలిలో ఆసామి మొరటుతనం ఉండవచ్చు, గుత్తలో ఆ మొరటుతనం తోటివారి చేతికి వస్తుంది. ఈ రోజుల్లో కంపెనీలు టీము టార్గెట్ అని పెట్టేటప్పుడు జరిగేది కూడా ఇదే. పై అధికారి ఒక్క మాట అననవసరం లేదు. సహోద్యోగులే జబ్బుపడినవాడిని చిన్నచూపు చూస్తారు. అందువల్ల జట్టును తూచేటప్పుడు ఎంత పని చేసింది అన్నదానితోపాటు, బలహీనుడిని ఏం చేసింది అన్నది కూడా తూకంలో వేయాలి.

అందరూ అందలం ఎక్కితే మోసేవాళ్లెవరు అంటారు. నిజమే, జట్టులో పనులు వేరువేరుగా ఉంటాయి. అయితే మోసేవాడి మాటకు విలువ ఉండాలి. జపాను దేశపు టయోటా కంపెనీ ఫ్యాక్టరీల్లో కార్ల వరుస పక్కన ఒక తాడు వేలాడుతూ ఉండేది. లోపం కనబడితే మామూలు కార్మికుడు కూడా దానిని లాగవచ్చు. పెద్దమనిషి పరుగున వస్తాడు. వెంటనే సరికాకపోతే వరుస మొత్తం ఆగిపోతుంది. ఒక్క నిమిషం ఆగితే నష్టం ఎంతో! అయినా ఆ హక్కు కార్మికుడికి ఇచ్చారు. అతని కంటినీ బుద్ధినీ నమ్మారన్నమాట. ఆ తాడు లాగినవాడిని తిట్టే చోట తాడు ఉన్నా లేనట్టే. భయాన్ని వెళ్లగొట్టండి, గోడలమీద నినాదాలు రాయడం మానండి అని జపానువారికి నాణ్యత పాఠాలు చెప్పిన ఎడ్వర్డ్స్ డెమింగ్ యజమానులను హెచ్చరించింది అందుకే. లోపం పద్ధతిలో పెట్టుకుని, బాగా పనిచేయండి అని గోడమీద రాస్తే ఏం లాభం?

మనసు తాళాలు

తరువాత మానసిక శాస్త్రం వచ్చింది. మనిషికి ఆకలి, భద్రత, స్నేహం, గౌరవం, తన శక్తిని పూర్తిగా పండించుకోవడం అనే అవసరాలు మెట్టుమెట్టుగా ఉంటాయని 1943లో ఏబ్రహాం మాస్లో రాశాడు. మనిషి స్వభావంగా సోమరి అని నమ్మే యజమాని ఒక రకంగా, మనిషి స్వభావంగా బాధ్యత కోరుకుంటాడని నమ్మే యజమాని మరొక రకంగా నడుచుకుంటారని 1960లో డగ్లస్ మెక్‌గ్రెగర్ చూపించాడు. 1959లో ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ రెండువందల మంది ఇంజనీర్లను, లెక్కలవారిని అడిగి తెలుసుకున్నది ఇది: జీతం, గది, నియమాలు సరిగా లేకపోతే మనిషి బాధపడతాడు, కాని అవి సరిగా ఉన్నంతమాత్రాన పనిమీద ప్రేమ పుట్టదు. పనిలో సాధించిన తృప్తి, గుర్తింపు, బాధ్యత, ఎదుగుదల ఉంటేనే పుడుతుంది. 1971లో ఎడ్వర్డ్ డెసి అనే పరిశోధకుడు ఇష్టంగా పజిల్ ఆడుకునే విద్యార్థులకు డబ్బు ఇవ్వడం మొదలుపెట్టి, తరువాత ఆపేసి చూశాడు. డబ్బు ఆగాక వారికి ఆ ఆటమీద ఇష్టం ముందున్నంత కూడా మిగలలేదు.

ఇవన్నీ విలువైన సంగతులే. కాని వీటిని రెండు విధాలుగా వాడవచ్చు. వైద్యుడు శరీర శాస్త్రం చదివేది రోగిని బాగుచేయడానికి. దొంగ తాళాల శాస్త్రం చదివేది ఇల్లు తెరవడానికి. పనివాడికి గౌరవం కావాలని తెలుసుకున్న యజమాని నిజంగా అతన్ని గౌరవించవచ్చు. లేదా, జీతం పెంచే బదులు 'ఈ నెల ఉత్తమ ఉద్యోగి' అని ఫోటో తగిలిస్తే చవకగా పోతుందని లెక్క వేయవచ్చు. ఫోటో ఒకటే. వెనుక ఉన్న ఉద్దేశం ఒకటి కాదు.

ఇప్పుడు హైదరాబాదులోనూ విజయవాడలోనూ మోటారు సైకిళ్లమీద భోజనం పొట్లాలు అందించే కుర్రవాళ్లను చూడండి. వారికి మేస్త్రీ కనబడడు. చేతిలో ఫోను ఉంటుంది. ఇన్ని ఆర్డర్లు పూర్తిచేస్తే ఇంత అదనం అని అది చెబుతుంది. ఇంకొక్కటి, ఇంకొక్కటి అంటూ వానలో, రాత్రిపూట బండి నడుపుతారు. మధ్యలో లెక్క మారితే ఎవరిని అడగాలి? వాతావరణం బాగాలేదని ఎవరితో చెప్పుకోవాలి? నిజామాబాదు ప్రాంతంలో బీడీలు చుట్టే అక్కచెల్లెళ్లకు వెయ్యికి ఇంత అని కూలి కట్టే పద్ధతికీ, ఈ ఫోను పద్ధతికీ సారంలో తేడా తక్కువ. ఎన్ని చేస్తే అంత సంపాదన అంటే స్వేచ్ఛలా వినబడుతుంది. కాని రేటు పెట్టేది ఒకరు, ఒళ్లు హూనం చేసుకునేది ఒకరు అయినప్పుడు ఆ స్వేచ్ఛ సగమే.

యజమాని మాట కూడా విందాం

ఇంతవరకు చదివిన యజమానులు కొందరు, ఫాదర్‌గారూ, వ్యాపారం ధర్మసత్రం కాదండీ, పక్కవాడు తక్కువ ధరకు అమ్ముతుంటే మేమేం చేయాలి అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. ఉత్పత్తి లేకపోతే జీతాలు లేవు. నష్టాల్లో మూతపడిన మిల్లు ఎవరి గౌరవాన్నీ కాపాడదు. కనుక బాగా ఉత్పత్తి చేయడం కూడా నీతిలో భాగమే. అంతేకాదు, పనివాడికీ బాధ్యత ఉంది. జీతం తీసుకుని పాఠం చెప్పని ఉపాధ్యాయుడు, హాజరు వేయించుకుని వెళ్లిపోయే ఉద్యోగి ఎదుటివాడి సొమ్ము తిన్నట్లే. కందకు లేని దురద కత్తిపీటకెందుకు అనుకుని పని పాడుచేయడం, యజమాని అన్యాయానికి జవాబు కాదు.

మంచితనం ఒక్కటే వ్యాపారాన్ని నిలబెట్టదనడానికి కూడా ఒక ఉదాహరణ ఉంది. స్పెయిను దేశపు బాస్క్ ప్రాంతంలో మొంద్రాగోన్ అనే చిన్న పట్టణానికి 1941లో హోసే మరియా అరిస్మెందియారియెత అనే యువ గురువు వచ్చారు. 1943లో అక్కడ ఒక సాంకేతిక పాఠశాల పెట్టారు. ఆ బడిలో చదివిన అయిదుగురు యువకులు 1956లో ఒక సహకార ఫ్యాక్టరీ మొదలుపెట్టారు. పనిచేసేవారే యజమానులు; మనిషికి ఒక ఓటు; పై జీతానికీ కింది జీతానికీ మధ్య మొదట్లో మూడు రెట్లకు మించిన తేడా లేదు. ఈనాడు ఆ సహకార సంఘాల సమూహంలో వేలాదిమంది పనిచేస్తున్నారు. అయితే 2013లో వాటిలో పేరుమోసిన ఫాగోర్ గృహోపకరణాల సంస్థ దివాలా తీసింది. ఓటు హక్కు ఉన్నంతమాత్రాన ఫ్రిజ్‌లు అమ్ముడుపోవు. కాని తరువాత జరిగినది గమనించండి: పని పోయిన సభ్యులలో చాలామందికి మిగిలిన సహకార సంఘాలు చోటు చూపించాయి. ఆ పద్ధతి వారిని దివాలానుండి కాపాడలేకపోయింది, కాని దివాలా వచ్చినప్పుడు వారిని చెత్తబుట్టలో వేయలేదు.

గుర్తుపట్టడం ఎలా?

మనిషిని ఎప్పుడూ కేవలం సాధనంగా చూడకూడదని 18వ శతాబ్దంలో జర్మన్ తత్త్వవేత్త కాంట్ బోధించాడు. 'కేవలం' అన్న మాటను వదలకండి. బట్టలు కుట్టించుకునేటప్పుడు దర్జీ మనకు సాధనమే. కేవలం సాధనం మాత్రం కాదు. 1891లో 13వ లియో పోపుగారు 'రేరుమ్ నొవారుమ్' విశ్వలేఖలో కార్మికుల న్యాయమైన కూలి గురించి రాసినా, 1981లో 2వ జాన్ పాల్ పోపుగారు 'లబోరెమ్ ఎక్సెర్చెన్స్'లో పనికి విలువ చేసిన వస్తువునుబట్టి కాక చేసే మనిషినిబట్టి వస్తుందని వివరించినా, ఈ సత్యాన్నే నిలబెట్టారు. 2025లో ఎన్నికైన పోపుగారు లియో అన్న పేరు ఎంచుకుంటూ, కృత్రిమ మేధ కాలంలో శ్రమకు ఎదురయ్యే కొత్త ప్రశ్నలను ప్రస్తావించారు. ప్రశ్న పాతబడలేదన్నమాట.

మరి ప్రోత్సాహాన్ని ప్రలోభంనుండి వేరుచేసే గుర్తులేవి? నాకు నాలుగు కనిపిస్తున్నాయి.

మొదటిది, బయటికి చెప్పగలగడం. మీరు చేస్తున్న ఉపాయాన్ని, దాని వెనుక ఉద్దేశంతో సహా, ఆ పనివాడికే విప్పి చెప్పగలరా? చెప్పినా అది పనిచేస్తే ప్రోత్సాహం. అతనికి తెలిస్తే చెడిపోయే ఉపాయం ప్రలోభం.

రెండవది, కాదనగలగడం. అదనపు పని వద్దు అన్నవాడికి కూడా ఇల్లు గడిచే జీతం ఉండాలి. కూటి కోసం కోటి విద్యలు అన్నారు. ఆ కూడునే అదనం కింద పెట్టి, ఇష్టముంటే చేయి అనడం ఇష్టాన్ని వెక్కిరించడం.

మూడవది, పంపకం. పెరిగిన ఫలంలో అతనికి న్యాయమైన వంతు వచ్చిందా? ష్మిట్ మోసిన టన్నులనూ అతని కూలినీ పక్కపక్కన పెట్టినట్లు మన లెక్కలనూ పెట్టి చూడాలి.

నాలుగవది, ఎదుగుదల. పదేళ్లు మన దగ్గర పనిచేసిన మనిషి పదేళ్ల క్రితం కంటే ఎక్కువ నేర్చుకున్నాడా, ఎక్కువ తలెత్తుకుని తిరుగుతున్నాడా? లేక నడుమునొప్పి, అప్పు మాత్రమే మిగిలాయా?

ఈ నాలుగు గుర్తులను కంపెనీలకే కట్టిపెట్టి చేతులు దులుపుకోవడం న్యాయం కాదు. మన సొంత సంస్థల్లో ఒక గొప్ప మాట ఉంది: సేవ. బడిలో, ఆసుపత్రిలో, హాస్టలులో పనిచేసేవారిని మనం ఆ మాటతో పిలుస్తాం. అది పవిత్రమైన మాట. అందుకే దానిని దుర్వినియోగం చేయడం కూడా సులభం. డబ్బు ఆశ చూపి ఎక్కువ పని చేయించుకోవడం ప్రలోభమైతే, దేవుడి పేరు చెప్పి తక్కువ జీతానికి పని చేయించుకోవడాన్ని ఏమనాలి? సేవ అనేది ఇచ్చేవాడు తనంతట తాను ఇచ్చే కానుక. కానుకను జీతాల పట్టీలో ముందుగానే కోసి తీసుకోలేము. ఒక ఉపాధ్యాయురాలు సాయంత్రం అయిదు గంటల తరువాత వెనకబడిన పిల్లవాడి దగ్గర కూర్చుంటే అది ఆమె సేవ. ఆమె అలా కూర్చుంటుందిలే అని జీతం తగ్గించి రాస్తే అది మన దోపిడి. పై నాలుగు ప్రశ్నల్లో మొదటిదాన్నే వేసుకుందాం: మీరు సేవాభావం గలవారు గనుక మీకు తక్కువ ఇస్తున్నాము అని ఆమె ముఖం చూసి చెప్పగలమా? చెప్పలేకపోతే సంగతి తేలిపోయినట్లే.

సంస్థకు నిజంగానే డబ్బు లేకపోవచ్చు. అప్పుడు లెక్కలు విప్పి చూపించడమే మర్యాద. ఇంత వచ్చింది, ఇంత ఖర్చయింది, మీకు ఇంతకు మించి ఇవ్వలేకపోతున్నాము అని చెప్పినప్పుడు, ఉండాలో వెళ్లాలో ఆమె తెలిసి, ఇష్టపడి నిర్ణయించుకుంటుంది. ఆ నిర్ణయం మానవ చర్య. ఉండాలని ఆమె నిర్ణయించుకుంటే, అప్పుడు అది సేవ అవుతుంది.

పాఠకులారా, మేనేజ్‌మెంటు చదువుతున్న మీ పిల్లలకు ఈ మాటలు చదివి వినిపించండి. ఉత్పత్తి ఎలా పెంచాలో వారి గురువులు చక్కగా నేర్పుతారు. ఎవరి కోసం పెంచుతున్నామో ఇంట్లో నేర్పవలసి ఉంటుంది. మీ కింద పనిచేసేవారు ఎవరైనా ఉంటే, వారు పనిమనిషి కానివ్వండి, డ్రైవరు కానివ్వండి, గుమాస్తా కానివ్వండి, ఈ వారంలో ఒకరోజు తీరిక చేసుకుని, ఈ పనిలో నీకు ఎక్కడ కష్టంగా ఉంది అని అడగండి. అడిగి, మధ్యలో అడ్డురాకుండా వినండి. విన్నదానిలో మీ చేతిలో ఉన్నది ఒక్కటైనా సరిచేయండి. సరిచేయలేనిదానికి కారణం చెప్పండి. వచ్చే నెల ఉత్పత్తి పెరుగుతుందో లేదో నేను హామీ ఇవ్వను. పెరగకపోయినా ఆ మనిషి మాట వినడం మన బాధ్యతే.